ఎగువలంక తూటాల పుస్తకం

రోహిణి కార్తె, తొమ్మిదో రోజు

ఇవాళ నాంచారమ్మ గారికి రెండు తూటాలు ఇచ్చాను. ఒకటి పేలింది, ఒకటి పేలలేదు.

పన్నెండు దాటగానే ఫ్యాక్టరీ పందులు కొండ వాలు చెక్కిన మెట్లలో మూడోదాని మీది కర్రపెండలంలోకి దిగాయి. ఇవి అడవి పందుల్లా చీకటి కోసం కాచుకోవు. మాంసం ఫ్యాక్టరీలో రాత్రీ పగలూ దీపాల కింద పెరిగిన జాతి. కంచె తెంచుకుని కొండల్లో పడి తరాలు గడిచినా వాటికి ఎండంటే జంకు లేదు. స్పీకర్లో తుపాకీ చప్పుడు పెట్టి చూశాం. వారం తిరిగేసరికి వాటికి తెలిసిపోయింది. తుపాకీమందు వాసన తగిలితేనే నమ్ముతాయి.

ఆవిడ ఎప్పటిలాగే భుజాన జోడుగొట్టాల తుపాకీతో నా గుమ్మం ముందు నిలబడింది.

"ఎందుకండీ?" అన్నాను.

"పందులకండీ ఏసోబు గారూ, మరి దీపావళికా?" అంది. పందొమ్మిదేళ్లుగా నా ప్రశ్న అదే, ఆవిడ జవాబూ అదే.

అడగడం రూలు. తుపాకీ ఒకరింట్లో ఉంటే తూటాలు ఎదురింట్లో ఉండాలి. తూటాలున్న మనిషి ఎందుకని అడగాలి, అవతలి మొహం చూడాలి, కోపం కనపడితే ఇవ్వకూడదు. ఇచ్చింది ఈ పుస్తకంలో రాయాలి. సముద్రం మా లంకల్ని మింగేశాక మమ్మల్నందర్నీ ఈ కొండ మీదికి తెచ్చి, నలభై ఎనిమిది ఇళ్లు కట్టించి, రెండేసి ఇళ్లకి ఒక లైసెన్సు చొప్పున ఇచ్చినప్పుడు పెట్టిన పద్ధతి ఇది. ఇన్నేళ్లలో ఎగువలంకలో మనిషి మీద తుపాకీ పేలలేదు.

పేలని తూటాని తెచ్చి నా అరచేతిలో పెట్టింది. "పాత సరుకేమోలెండి" అని వెళ్లిపోయింది.

చూస్తే కాస్త ఉబ్బి ఉంది. ప్లాస్టిక్ మానేశాక తూటా గొట్టాలు నొక్కిన అట్టతో చేస్తున్నారు. చెమ్మ తగిలితే పనికిరావు. పెట్టె తెరిచాను. రోళ్లు పగిలే ఎండకి మందు వేడెక్కుతుందేమోనని పదిహేను రోజుల కిందట నేనే దాన్ని అలమర్లోంచి తీసి, చల్లగా ఉంటుందని నీళ్ల పీపా పక్కన పెట్టాను. పీపాకి చెమట పట్టింది. పెట్టె అడుగున అట్ట నానిపోయింది. పదమూడు తూటాలుంటే పది ఉబ్బాయి.

నాగాయలంక లాకుల దగ్గర ఇరవై రెండేళ్లు నీటిమట్టం రాసినవాణ్ణి నేను. చెమ్మ సంగతి నాకు తెలీదని ఎవరితో చెప్పుకోను?

రేపో ఎల్లుండో టౌనుకి దిగి, సమస్త దుకాణంలో కొత్త డబ్బా కొని తెచ్చి, వీటిని పూడ్చేస్తే ఆవిడకి చెప్పక్కర్లేదు. అలా అనుకున్నాను. అనుకున్నది కూడా రాస్తున్నాను.


రోహిణి, పదో రోజు

పొద్దున్నే వలల దగ్గరికి వెళ్లాను. ఒకప్పుడు మావాళ్లు చేపలకి వేసిన వలలు ఇప్పుడు పొగమంచుకి వేస్తున్నాం. కొండ అంచున గుంజలు పాతి వల కడితే, తెల్లారేసరికి మంచు నీళ్లయి గొట్టంలోకి జారుతుంది. అదే తాగేది, అదే దుంపలకి పెట్టేది. చిరిగిన వల కళ్లు అల్లుతుంటే బలరామమూర్తి గారు కుంటుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నారు. నాలుగో మెట్టు మీద ఉంటారు. ఆయన ఇంట్లోనూ తూటాలే. వాళ్ల తుపాకీ ఎదురింటి సలోమి దగ్గర ఉంటుంది, ఆ పిల్ల క్లినిక్కులో నర్సు.

"విన్నారా? పెద్ద షాపుల్లో తూటాలు ఆపేస్తున్నారట" అన్నారు గొంతు తగ్గించి. "సమస్తలోనూ ఆపేస్తారట, గృహశ్రీలోనూ ఆపేస్తారట. పైనుంచి ఆర్డరట."

"ఎవరు చెప్పారండీ?"

"తీగబండిలో ఒకాయన మా బావమరిదితో చెప్పాట్ట. సమస్తలో తూటాల అర ఖాళీగా ఉండటం కళ్లారా చూశాట్ట."

తూటాలు అమ్మే లైసెన్సు ఉన్నవి ఆ రెండు దుకాణాలే. మధ్యాహ్నానికి తీగబండి ఎక్కే చోట వరస కట్టారు జనం. తీగబండి అంటే కొండ మీంచి టౌనుకి ఇనప తీగ మీద దిగే పెట్టె, ఆరుగురు పడతారు. సాయంత్రం వార్తల పలక మీద సమస్త వాళ్ల ప్రకటన వచ్చింది: తూటాల అమ్మకం ఆపే ఆలోచన ఏదీ లేదు, వదంతులు నమ్మొద్దు అని.

"ఆలోచనే లేనప్పుడు లేదని చెప్పడం దేనికండీ?" అన్నారు బలరామమూర్తి గారు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. నేనూ ఊపాను.


రోహిణి, పన్నెండో రోజు

మూడు గంటలు వరసలో నిలబడి టౌనుకి దిగాను. సమస్తలో తూటాలుండే అర నిండా గొడుగులు ఉన్నాయి.

కౌంటర్లో కుర్చీ మీద కూలబడ్డ మనిషిని అడిగాను. "తూటాలు ఆపేశారా బాబూ?"

"ఆపలేదండీ. అయిపోయాయి" అన్నాడు. ఆ మాట ఆ రోజుకి ఎన్నోసారి చెప్తున్నాడో, గొంతు జీరపోయింది. "వానాకాలం వస్తోందని మొన్న ఈ అర మీదికి గొడుగులు తెచ్చి, తూటాలు వెనక గదిలోకి మార్చామండీ. సర్దుతూ ఉండగా ఎవరో ఖాళీ అర చూసి వెళ్లారు. అంతే. మూడు నెలల సరుకు రెండ్రోజుల్లో ఊడ్చుకుపోయారు."

"మళ్లీ ఎప్పుడొస్తాయి?"

"ఆరుద్ర ఆఖరుకండీ."

గృహశ్రీకి కూడా వెళ్లాను. అక్కడ షట్టరు సగం దించి ఉంది, లోపల ఎవరో ఊడుస్తున్నారు. ఏం చెయ్యాలో తోచక వెనక్కి వచ్చి ఒక గొడుగు కొన్నాను.

కొండ మీద దిగేసరికి నాంచారమ్మ గారు గట్టు మీద కూర్చుని చిలగడదుంప తీగలు కోస్తోంది. నన్ను చూసి కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. "తూటాలకని వెళ్లి గొడుగు తెచ్చారా! పోనీలెండి. మనకింకా పదమూడు ఉన్నాయిగా. ఊరంతా పరిగెత్తుతున్నా మనం నిశ్చింతగా ఉన్నామంటే మీ జాగ్రత్త వల్లే."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. గొడుగు చంకలో పెట్టుకుని ఇంట్లోకి వెళ్లిపోయాను.


మృగశిర కార్తె, మొదటి రోజు

వాన పడింది. పందులు కూడా వచ్చాయి.

ఆవిడ గుమ్మంలో నిలబడింది. ఎందుకని అడగలేకపోయాను. లోపలికి రమ్మన్నాను. పందొమ్మిదేళ్లలో ఆవిడ నా గడప దాటింది మూడుసార్లు, అదీ మా ఆవిడ సువార్తమ్మ ఆఖరి జబ్బులో. పెట్టె తెరిచి చూపించాను. పీపా చూపించాను. మొత్తం చెప్పాను.

ఆవిడ ఉబ్బిన తూటా ఒకటి తీసుకుని గొట్టంలోకి తొయ్యబోయింది. అది దిగలేదు.

"ఎన్నాళ్లయింది మీకు తెలిసి?"

"వారం."

"వారం రోజులు" అంది. కేక వెయ్యలేదు. వేసినా బాగుండేది. "వారం రోజులు నేనా మంచె మీద ఒంటరిగా కూర్చున్నాను ఏసోబు గారూ. వెనకాల మీ తూటాలున్నాయన్న ధైర్యంతో."

కిందికి వెళ్లి, రేకు డబ్బా కొడుతూ, అరుస్తూ ఆ మూడో మెట్టు చుట్టూ గంటసేపు తిరిగింది. నేను వెళ్లి ఇంకో డబ్బా కొట్టాను. నా వైపు చూడలేదు. సగం కర్రపెండలం పోయింది.


మృగశిర, మూడో రోజు

నిన్న ఆవిడ మాట్లాడలేదు. ఇవాళ పొద్దున నేను పంపిన గంజి గిన్నె కడిగి, ఖాళీగా మా అరుగు మీద బోర్లించి పోయింది. మా రెండిళ్ల మధ్య గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి రాలేదు. ఏమీ లేకపోతే రెండు మిరపకాయలైనా వేసి పంపేది.

ఇంకో సంగతి రాయాలి. వారం రోజులుగా ఎగువలంకలో తుపాకీ చప్పుడు వినపడలేదు. పందులు రోజూ వస్తున్నాయి. తూటాలుంచే ఇళ్లన్నిట్లోనూ తూటాలున్నాయి. పది డబ్బాలు కొన్నవాళ్లున్నారు, పదిహేను కొన్నవాళ్లున్నారు. ఎవరూ పేల్చడం లేదు. ఇవి అయిపోతే మళ్లీ దొరకవని భయం. మేమిద్దరం మూడిళ్లలో అప్పు అడిగాం, విడివిడిగా. మూడిళ్లలోనూ లేవన్నారు, కళ్లు దించుకుని.

మధ్యాహ్నం సలోమి, బలరామమూర్తి గారు వీధిలో పోట్లాడుకున్నారు. సలోమి ముప్ఫయ్యేళ్ల పిల్ల, గట్టిగా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు.

"మీ దుంపల్నే తింటున్నాయి బాబాయ్ గారూ! రెండివ్వండి, తరిమేస్తాను."

"ఇవాళ రెండు, రేపు రెండు... తర్వాతో?"

"పెట్టెలో దాస్తే తూటాలు పిల్లల్ని పెడతాయా?"

"నువ్వు కోపంగా ఉన్నావమ్మా. కోపంలో ఇవ్వకూడదని రూలు" అన్నారాయన. ఆ పిల్ల నిర్ఘాంతపోయి, తుపాకీ ఇంట్లో పెట్టి తాళం వేసి, డ్యూటీకి వెళ్లిపోయింది.


మృగశిర, అయిదో రోజు

నాంచారమ్మ గారు తనంతట తానే వచ్చింది. "ఆ పదమూడూ తియ్యండి. మీ కొలబద్ద కూడా తియ్యండి" అంది.

లాకుల ఆఫీసు నుంచి తెచ్చుకున్న, దవడల మధ్య పట్టి మందం కొలిచే వెర్నియర్ కొలబద్ద నా దగ్గర ఇంకా ఉంది. ఇద్దరం అరుగు మీద కూర్చుని ఒక్కొక్క తూటానీ కొలిచాం. నేను అంకె చెప్తే ఆవిడ దాన్ని ఇటో అటో పెట్టింది. చివరికి గొట్టంలో దిగేవి మూడే మిగిలాయి. అవి కూడా పేలతాయని చెప్పలేం, మందు చెమ్మగిల్లి ఉండొచ్చు.

"సముద్రాన్ని నూలుపోగు తేడా రాకుండా కొలిచిన మనిషి" అంది, కొలబద్ద దవడలు మూసి ఇస్తూ. "ఒక్క పీపా దగ్గర దెబ్బతిన్నారు."

"మీకు ముందే చెప్పి ఉండాల్సిందండీ."

"ఉండాల్సింది. మా ఆయన పోయాక ఈ ఊళ్లో నేను లెక్కచూసుకోకుండా నమ్మింది మిమ్మల్నొక్కర్నే." ఉబ్బినవన్నీ ఒక పక్కకి నెట్టింది. "ఇప్పుడు లెక్కచూసుకున్నాను. సరే. ఇక మీదట కూడా నమ్ముతాను. కానీ మళ్లీ దాచకండి."

ఆ మూడింటినీ గుడ్డసంచిలో చుట్టి మెళ్లో కట్టుకున్నాను, చొక్కా లోపల. ఒంటి వేడికి కాస్తయినా ఆరతాయేమోనని. పడుకున్నా తియ్యడం లేదు.


మృగశిర, తొమ్మిదో రోజు

నేను వీరంకి నాంచారమ్మని. ఏసోబు గారి కుడి మణికట్టు విరిగింది కాబట్టి ఇవాళ్టి రాత నాది. ఆయన మంచం మీంచి చెప్తున్నాడు. ఆయన చెప్పినట్టు రాయడం లేదు, జరిగినట్టు రాస్తున్నాను.

మధ్యాహ్నం తుంపర పడుతోంది. నాలుగో మెట్టు మీంచి బలరామమూర్తి గారి కేక వినపడింది. మనిషి చావుకేక వేస్తే తెలిసిపోతుంది. సలోమి క్లినిక్కులో ఉంది, వాళ్ల తుపాకీ తాళంలో ఉంది. బలరామమూర్తి గారి తూటాలన్నీ ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి, తాళంచెవి ఆయన మొలతాడుకి ఉంది.

నేను తుపాకీ తీసుకుని ఎదురింటి గుమ్మానికి వెళ్లేసరికి ఏసోబు గారు అప్పటికే బయట నిలబడి మెళ్లో సంచి విప్పుతున్నాడు. ఎందుకని అడగలేదు. రూలు తప్పాడు. అది కూడా రాయమంటున్నాడు, రాశాను.

"మీరిక్కడే ఉండండి" అన్నాను.

"పేలకపోతే?"

"పేలకపోతే మీరొచ్చి ఏం చేస్తారు?"

"పక్కనుంటాను" అన్నాడు. మూసిన గొడుగు పట్టుకుని నా వెనకే దిగాడు.

పాత కంచె గుంజ విరిగి బలరామమూర్తి గారి కాలి మీద పడింది. ఆయన దుంపల మడిలో వెల్లకిలా పడి ఉన్నాడు. ఇటు పక్క పెయ్యదూడంత తల్లి పంది. అటు పక్క తొమ్మిది పిల్లలు. మధ్యలో ఈయన. అది కాలితో మట్టి గీరుతోంది.

రెండు తూటాలు పెట్టుకుని ఇరవై అడుగుల దూరం దాకా వెళ్లాను. మొదటిది టక్కుమంది, అంతే. పంది తల తిప్పి నన్ను చూసింది. రెండోది బుస్సుమని పొగ వదిలింది, గుళ్లు ఆవాల్లా నా కాళ్ల దగ్గరే రాలాయి. అప్పుడది నా మీదికి వచ్చింది.

తుపాకీ మడత విప్పి, పాడైన రెంటినీ గోళ్లతో లాగేశాను. ఏసోబు గారు మూడో తూటా నా చేతిలో పెట్టాడు. అది కోడిగుడ్డులా వెచ్చగా ఉంది. పెట్టి, నన్ను దాటుకుని ముందుకి వెళ్లి, పంది మొహం మీద గొడుగు ఫట్మని తెరిచాడు. ఎవరైనా చేసే పనేనా అది? పంది ఒక్క క్షణం బిత్తరపోయింది. మరుక్షణం గొడుగునీ ఆయన్నీ కలిపి గట్టు కిందికి విసిరింది.

ఆ ఒక్క క్షణంలో నేను తూటా పెట్టాను. పేలింది.

దాని చెవి పక్కగా కొట్టాను. చంపలేదు. తొమ్మిది పిల్లలున్నాయి. మందు వాసనకి అది వెనక్కి తిరిగింది, పిల్లలు దాని వెనక పరిగెత్తాయి. పొద మలుపు తిరిగేదాకా తుపాకీ దించలేదు. దించాక గట్టు కిందికి దూకాను.

"ఉన్నారా?" అన్నాను.

"ఉన్నానండీ" అన్నాడు. "గొడుగు పోయింది."

నేను అక్కడే మట్టిలో కూర్చుని ఏడ్చాను. ఈ సంగతి రాయక్కర్లేదు అంటున్నాడు ఆయన. పుస్తకం ఇప్పుడు నా చేతిలో ఉంది, రాస్తాను.


మృగశిర, పదకొండో రోజు

మళ్లీ నాంచారమ్మనే.

సలోమి వచ్చి ఏసోబు గారి కట్టు మార్చింది. అయిదు వారాలు ఆ చెయ్యి కదపొద్దంది. ఆ పిల్ల ఉండగానే బలరామమూర్తి గారు కర్ర ఊతంతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. రమ్మంటే లోపలికి రారు. చివరికి సలోమే లేచి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తను కూర్చున్న పీట మీద కూర్చోబెట్టింది.

ఆయన కర్ర పక్కన పెట్టి అన్నారు:

"మా ఊరు మునిగేటప్పుడు పడవలు ఆపేస్తారని ఒక పుకారు వచ్చిందండీ. మా అమ్మ నమ్మలేదు. పుకార్లు నమ్మేవాళ్లు వెర్రివాళ్లురా, గేదె ఈనాక రేపటి పడవకి వెళ్దాం అంది. నన్నొక్కణ్ణి ముందు ఎక్కించింది. రేపటి పడవ రాలేదు."

ఆయనకి అప్పుడు పాతికేళ్లు ఉండి ఉంటాయి. ఇన్నేళ్లుగా పక్కమెట్టు మీద ఉంటున్నారు, ఈ సంగతి మాకెవ్వరికీ తెలీదు.

"అందుకని కొన్నానండీ. కొంటూనే ఉన్నాను. కానీ మొన్న గుంజ కింద పడి ఉన్నప్పుడు ఇంట్లో మూడొందల తూటాలున్నాయి, నా దగ్గరికి ఒక్కటీ రాలేదు. వచ్చింది మీ ఇద్దరూ."

ఏసోబు గారు ఎడం చెయ్యి చాచి ఆయన మోకాలి మీద వేశాడు. "ఆ పుకారు నేనూ నమ్మానండీ. మీకన్నా రెండ్రోజులు ఆలస్యంగా పరిగెత్తాను, అంతే తేడా" అన్నాడు.

పదింటికి బలరామమూర్తి గారు, వాళ్లావిడ కలిసి ట్రంకుపెట్టె వలల అరుగు దగ్గరికి ఈడ్చుకొచ్చారు. తూటాల డబ్బాలన్నీ తీసి బల్ల మీద పేర్చారు. దిండు గలీబులో కుట్టి దాచినవి కూడా విప్పారు. "ఎవరికి ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి. పేల్చండి" అన్నారు.

జనం గుమిగూడారు. ఎవరూ చెయ్యి పెట్టలేదు. తూటాలుంచే ఇళ్లన్నిట్లోనూ నిండుగా ఉన్నాయాయె. చివరికి రెండో మెట్టు మీది ముసలమ్మ ఒకావిడ ఇంటికి వెళ్లి కొంగులో ఒక డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. తర్వాత ఒక్కొక్కళ్లే కదిలారు. మధ్యాహ్నానికి బల్ల పట్టలేదు, కింద చాప వెయ్యాల్సి వచ్చింది.

పన్నెండు దాటాక పందులు వచ్చాయి. రెండో మెట్టు మీంచి ఒక చప్పుడు, ఆరో మెట్టు మీంచి రెండు. నేనూ ఒకటి పేల్చాను, పై మంచె మీంచి. పిచ్చుకలు లేచాయి. మందు వాసన ఇంటింటికీ పాకింది. ఏసోబు గారు మంచం మీంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడట, సలోమి చెప్పింది.


ఆరుద్ర కార్తె, పన్నెండో రోజు

ఎడం చేత్తో రాస్తున్నాను. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి, చదివేవాళ్లు క్షమించాలి.

సమస్తకి సరుకు వచ్చిందని వార్తల పలక మీద వేశారు. అర నిండా తూటాలే, ఎవరికెన్ని కావాలంటే అన్ని అని. ఎగువలంక నుంచి ఎవరూ దిగలేదు. ఆ రోజు వలల అరుగు దగ్గర పోగైనవి పంచుకుంటే వచ్చే ఏడాది దాకా సరిపోతాయి.

నాంచారమ్మ గారు రోజూ పొద్దున వచ్చి నా వాటా వల కూడా అల్లుతోంది. అన్నం కలిపి ముద్దలు చేసి పళ్లెంలో పెట్టి వెళ్తోంది, ఎడం చేత్తో తినేందుకు వీలుగా. ఇవాళ వెళ్లకుండా గుమ్మంలో ఆగింది.

"చెయ్యి బాగయ్యాక కూడా ఇలాగే వస్తే అలవాటైపోతుంది" అంది.

"అయిపోయిందండీ" అన్నాను.

ఆవిడ తలుపు చెక్క పట్టుకుని నవ్వుకుంది. "అయితే మా ఇంటికి వచ్చెయ్యండి. మీ ఇల్లు పడమటెండకి కాలిపోతుంది."

నా గుండె ఎలా కొట్టుకుందో ఏ కొలబద్దకీ అందదు. కానీ నోట్లోంచి వచ్చింది మాత్రం రూలే. "తుపాకీ, తూటాలు ఒక కప్పు కింద ఉండకూడదు కదండీ."

"తెలుసు. ఆలోచించాను. తూటాలు బలరామమూర్తి గారికిద్దాం."

"ఆయనకా?"

"ఆయనకే. ఇవ్వడం ఎంత కష్టమో తెలిసి ఇచ్చిన మనిషి ఈ ఊళ్లో ఆయనొక్కడే."


పుష్యమి కార్తె, నాలుగో రోజు

ఇది నా చివరి రాత. కట్టు విప్పారు. కుడిచేత్తోనే రాస్తున్నాను, నెమ్మదిగా.

పంచాయతీలో సంతకాలయ్యాయి. తూటాల పెట్టెనీ ఈ పుస్తకాన్నీ బలరామమూర్తి గారికి అప్పగించడానికి వెళ్తే, ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "నాకెందుకండీ? ఊళ్లో ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు. మేం మీకే ఇస్తున్నాం" అంది నాంచారమ్మ.

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. వాళ్లావిడ వచ్చి పెట్టె అందుకుంది. నా పుస్తకంలో ఉన్నవి అంకెలే, ఇందులో ఏం రాయాలండీ అని అడిగారు ఆయన. ఏం జరిగితే అది అన్నాను. పొరపాటు చేస్తే అదీనా అన్నారు. అది ముందు రాయండి అన్నాను. నా సామాను చేరేశాక పుస్తకం తెచ్చిస్తానని చెప్పి వచ్చాను.

సామాను మోయడానికి సలోమి వచ్చింది. పెద్దగా ఏమీ లేదు. నులకమంచం, రెండు గిన్నెలు, కొలబద్ద, సువార్తమ్మ ఫొటో. మంచం నాంచారమ్మ గుమ్మంలో పట్టలేదు. అడ్డంగా పెట్టి, నిలువుగా పెట్టి, చివరికి ఏటవాలుగా వంచితే లోపలికి పోయింది. నాంచారమ్మ లోపలి నుంచి లాగుతూ, సలోమి బయటి నుంచి తోస్తూ, ఇద్దరూ ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటూ నవ్వుకున్నారు.

నేను ఫొటో పట్టుకుని మధ్యగదిలో నిలబడ్డాను. ఎక్కడ పెట్టాలో తెలీలేదు. తల ఎత్తి చూస్తే, నాంచారమ్మ వాళ్లాయన ఫొటో పక్కన మట్టిగోడలో ఒక మేకు ఉంది. దానికి ఏమీ తగిలించి లేదు. అదే ఎత్తులో, జానెడు ఎడంగా కొట్టి ఉంది.

"ఇదెప్పుడు కొట్టావు?" అన్నాను.

"మృగశిర మొదటి వాన పడిందే, ఆ మర్నాడు."

లెక్క వేసుకున్నాను. పీపా సంగతి చెప్పిన మర్నాడు అది.

"ఆ రోజంతా నాతో మాట్లాడలేదు కదా నువ్వు."

"మాట్లాడలేదు" అంది. "మేకు కొట్టుకుంటూ ఉన్నాను."